గదుల్లేని స్ఫటికం

వైశాఖం 6, మంగళవారం. ఎండ. గాలి పడమటి నుంచి, తేమ తక్కువ. తొట్టిలో నీళ్ళు పదకొండు జానలు.

పొద్దున కొట్టం వాకిలి ఊడ్చాను. నూట ఇరవై పళ్ళేల గాజు మూతలు తుడిచాను.

పాత పుస్తకం నిండింది. ఇది కొత్తది. కొత్త పుస్తకం మొదటి పేజీలో స్ఫటికాల కాపరి ఎవరో, చేసే పనేమిటో, తెలియనివాళ్ళు చదివినా తెలిసేలా రాయాలని మా ఊరు పొడిమిట్ట నియమం. రాస్తున్నాను.

పేరు కుళ్లాయప్ప. వయసు నలభై తొమ్మిది. చదువు ఒక పుస్తకం. అందులో తొమ్మిది నుంచి పదకొండో అధ్యాయం దాకా చెదలు తిన్నాయి. ఆ మూడింటిలో ఏముందో నేనే చేసి కనుక్కున్నాను. రెండుసార్లు కనుబొమలు కాలాయి.

పని స్ఫటికాలు పెంచడం. రాగి ఉప్పునూ గోంగూర పులుపునూ కలిపి కాచి చల్లారిస్తే నీలం స్ఫటికాలు దిగుతాయి. రాగి అణువులు గుంజలు, పులుపు అణువులు వాసాలు అనుకుంటే, స్ఫటికం పందిరి. పందిరి లోపల ఖాళీ గదులు. తెల్లవారేటప్పుడు గాలిలోని తేమ వచ్చి ఆ గదుల్లో కూర్చుంటుంది. పొద్దెక్కి ఎండ తగిలితే లేస్తుంది. లేచినదాన్ని గాజు మూత పట్టుకుంటుంది. అక్కడి నుంచి గొట్టంలోకి, గొట్టం నుంచి తొట్టిలోకి. ఊళ్ళో రెండువందల పన్నెండు మందీ తాగేది ఇదే. స్ఫటికం నలభై రోజులు పనిచేస్తుంది. తరవాత కరిగించి మళ్ళీ పెంచాలి. కొత్త పళ్ళెంలో పాత గింజ ఒకటి వేస్తే దాన్ని చూసి మిగతావి అలాగే పేర్చుకుంటాయి. పాలకు తోడు వేసినట్టే. ఊళ్ళో ఆ గింజను తోడు అనే అంటారు.

ఇక్కడ వాన కురిసి నలభై మూడేళ్ళు. అప్పుడు నేను ఆరేళ్ళవాణ్ణి. తడిసినట్టు గుర్తు. అది వాన కాదు, కుండ ఒలికిందని అక్క అంటుంది.

నిన్న అక్క పంపిన ఉగ్గాని తింటూ పొయ్యి మీద ఒక పళ్ళెం మరిచిపోయాను. నీళ్ళన్నీ ఇగిరిపోయి పాచి రంగులో రాయిలా గట్టిపడింది. తేమలో పెట్టి చూశాను. నీళ్ళు తాగదు. పారేయడం దేనికని మెత్తగా నూరి సిరా డబ్బాలో పోశాను.

సిరా డబ్బా గురించి కూడా రాయాలి. నా సిరా కరక్కాయ, అన్నభేదిలతో చేసింది. కొట్టంలో తేమకు త్వరగా ఆరదు. అందుకని పేజీ పూర్తయ్యాక ఈ డబ్బాలోని పాత స్ఫటికాల పొడి చల్లుతాను. తడిని తాగేస్తుంది. తరవాత పుస్తకాన్ని రెండుసార్లు దులిపి మూస్తాను. ఇది నేను కనిపెట్టిన పద్ధతి. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

పొడి చల్లాను.

వైశాఖం 9, శుక్రవారం. ఎండ. తేమ ఫరవాలేదు. తొట్టి పదకొండు జానలు.

తొమ్మిది పళ్ళేలు కరిగించి కొత్తగా పెంచడానికి పెట్టాను.

బావ వచ్చాడు. బావ పేరు గంగులప్ప. మా సుంకమ్మక్క భర్త, ఊరికి నీళ్ళపెద్ద. రోజూ ఈ పుస్తకం చదివి కింద సంతకం పెట్టడం ఆయన పని. ఆయనకు చూపు ఆనదు. ముఖం పేజీకి ఆనించి చదువుతాడు. ఆయన మీసం ఒక్కో వైపు జానెడు. రోజూ ఆముదం పట్టిస్తాడు. ఆ మీసం పేజీ మీద ఎడమ నుంచి కుడికి నడిచి, నిన్నటి రెండు వరుసల్ని తుడిచేసింది.

"ఏం బామ్మర్దీ, నిన్న ఎవురితోనన్నా మాట్లాడినావా?" అన్నాడు.

లేదన్నాను.

"ఈపొద్దు?"

"ఇప్పుడు."

"లేదు, ఇప్పుడు. మొత్తం రెండు మాటలు. దాచిపెట్టుకో అబ్బా, అరిగిపోతాయి." నవ్వుకుని మీసం మెలేశాడు. పెంచడానికి పెట్టిన పళ్ళేల మీదికి వంగి ఒక్కోదాన్ని పలకరించి వెళ్ళాడు. ఆయనకు స్ఫటికాలంటే ముద్దు. చంటిపిల్లలను చూసినట్టు చూస్తాడు.

ఈ కాలపు ఆముదం నీలంగా మెరుస్తుంది. కారణం తెలియదు.

పొడి చల్లాను.

వైశాఖం 13, మంగళవారం. ఎండ. తేమ బాగుంది. అయినా తొట్టి తొమ్మిదిన్నర జానలు.

మూతలు తుడిచాను. తుడవడానికి ఏమీ లేదు. మూడోవంతు మూతల మీద చెమటే పట్టలేదు.

కొత్తగా పెంచిన తొమ్మిది పళ్ళేలూ పాచి రంగుకు తిరిగాయి. తోడు మార్చి మళ్ళీ పెట్టాను. మళ్ళీ పాచి రంగే. పని చేస్తున్న పాత పళ్ళేలు కూడా తెల్లవారి తడికి ఒకదాని తరవాత ఒకటి తిరుగుతున్నాయి. ఇప్పటికి నలభై ఒకటి.

గోంగూర మారిందేమోనని ఊరి అరుగు మీద సభ పెట్టారు. ఎర్ర కాడ గోంగూరవాళ్ళు తెల్ల కాడను తిట్టారు. తెల్ల కాడవాళ్ళు ఎర్ర కాడను తిట్టారు. నన్ను అడిగితే రెండింటితోనూ చేసి చూశానని, రెండూ పాచి రంగేనని చెప్పాలనుకున్నాను. నేను నోరు తెరిచేసరికి సభ అయిపోయింది.

అక్క ఎండుమిర్చీ ఉప్పూ తెచ్చి పళ్ళేలకు దిష్టి తీసింది. మిర్చి నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదు. "చూసినావా, ఎంత దిష్టి తగిలుండాదో!" అంది. తరవాత ఘాటు వచ్చింది. ఇద్దరం బయటికి పరిగెత్తాం.

ఈ మధ్య సిరా సరిగా ఆరడం లేదు. రెండుసార్లు పొడి చల్లాను.

వైశాఖం 16, శుక్రవారం. ఎండ. తొట్టి ఎనిమిది జానలు.

గొట్టాలు విప్పి కడిగాను. వాటిలో తప్పు లేదు.

డెబ్బై ఎనిమిది పళ్ళేలు పోయాయి. రోజుకు అర జాన దిగుతోంది. తొట్టి ఒక్క జానకు వస్తే ఊరు ఖాళీ చేసి సముద్రం ఒడ్డు శిబిరానికి నడిచి వెళ్ళాలని ఒప్పందం. ఎనిమిది రోజుల నడక. అక్కడ నీళ్ళు వరుసలో నిలబడి తీసుకోవాలి. వరుసలో మాట్లాడాలి.

బావ నన్ను రేడియో ముందు కూర్చోబెట్టాడు. ఎర్రకొండ పరిశోధనశాలలో రాగి, పులుపు స్ఫటికాల మీదే పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న డాక్టర్ మెహరున్నీసా ఉన్నారు. మాట్లాడటానికి మూడు నిమిషాలు ఇచ్చారు. "పొడిమిట్ట. నీలం పోయింది. పాచి రంగు వచ్చింది. రండి," అన్నాను. తొమ్మిది సెకన్లు పట్టింది. మిగిలిన సమయంలో బావ తన మోకాళ్ళ నొప్పి గురించి అడిగాడు.

పొడి చల్లాను. ఇంకొంచెం చల్లాను.

వైశాఖం 19, సోమవారం. ఎండ, దుమ్ము. తొట్టి ఆరున్నర జానలు.

డాక్టరమ్మ గాలిబండి మీద వచ్చారు. తెరచాప మడిచి చక్రాలకు రాళ్ళు పెట్టాను.

ఆమె దుమ్ము కూడా దులుపుకోకుండా కొట్టంలోకి వచ్చి ఒక పళ్ళెంలోంచి పాచిగింజ తీసి, తెచ్చుకున్న పెట్టెలో పెట్టారు. ఆ పెట్టె స్ఫటికం గుండా కిరణాలు పంపి లోపలి అమరిక బొమ్మ గీస్తుంది. బొమ్మ చూసి, "అద్భుతం!" అని చప్పట్లు కొట్టారు.

వాకిట్లో నలభై మంది ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు.

"ఏంది డాక్టరమ్మా అద్భుతం?" అన్నాడు బావ.

"రెండూ ఒకటేనండీ! అదే రాగి, అదే పులుపు. పేర్చుకోవడంలోనే తేడా. మీ నీలంలో గదులున్నాయి. దీంట్లో ఒక్క గది కూడా లేదు. గుంజలూ వాసాలూ కట్టెలమోపులా బిగుసుకుపోయాయి. నీళ్ళు కూర్చోవడానికి చోటే లేదు."

"గదులు లేకుంటే ఇల్లెందుకు కట్టినట్టు?"

"స్ఫటికానికి మన అవసరం తెలియదు కదండీ. అది సోమరిది. బిగించి పడుకునే దారి ఒకసారి దొరికితే మళ్ళీ కష్టపడి గదులు కట్టదు."

"మా చిన్నల్లుడి మాదిరి," అన్నాడు బావ.

"పద్దెనిమిదేళ్ళుగా ఈ రూపం ఉంటుందని కాగితం మీద లెక్కలు వేస్తున్నాను. మీ ఊళ్ళో దొరికింది! దీనికి పొడిమిట్ట రూపం అని పేరు పెడదాం."

"మా ఊరి పేరు చెడగొట్టాకు తల్లీ. ముందు నీళ్ళు వచ్చే దారి చెప్పు."

అప్పుడామె నవ్వు ఆపారు. కొత్త రూపం గింజ ఒక్కటి, కంటికి కనబడనంతది, పడితే చాలట. పళ్ళెమంతా దాని దారే పడుతుందట. చెడ్డ తోడు లాంటిది. అది ఎక్కడో నక్కి ఉండి రోజూ రాలుతోంది. ఎక్కడో కనుక్కోవాలి.

"దుమ్ములో ఉండొచ్చు. బట్టల్లో ఉండొచ్చు. మా గురువుగారి రోజుల్లో ఒకాయన గడ్డంలో ఉండేదని చెప్పుకునేవారు," అని ఆమె మాట మధ్యలో ఆగిపోయారు.

అందరూ బావ వైపు చూశారు. బావ వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

పొడి చల్లాను. ఆరలేదు. ఊదాను.

వైశాఖం 20, మంగళవారం. ఎండ. తొట్టి ఆరు జానలు.

పరీక్షకు తేటగా వడగట్టిన నీలం నీళ్ళు రెండు గిన్నెల్లో పోసి ఊరి అరుగు మీద పెట్టాను.

డాక్టరమ్మ మొదటి గిన్నె మీద బావ మీసాన్ని చెక్క దువ్వెనతో ఒక్కసారి దువ్వారు. పదిహేడు లెక్కపెట్టేసరికి గిన్నె అడుగున పాచి రంగు దిగింది. ఊరంతా "ఓ" అంది.

రెండో గిన్నె మీద నా మీసం దువ్వారు. పదకొండు లెక్కపెట్టేసరికి దిగింది. ఇది ఎవరూ పట్టించుకోలేదు. నా మీసం చిన్నది.

"మీసాలన్నీ తీసేయాలి," అన్నారు డాక్టరమ్మ. "గడ్డాలు కూడా."

బావ లేచి నిలబడ్డాడు. "ఇరవైయో ఏట పెట్టిన మీసం ఇది. దీన్ని చూసే నన్ను నీళ్ళపెద్దను చేసినారు."

"మీసాన్ని చూసి కాదులే. వేరే ఎవురూ ముందుకు రాలే," అంది అక్క.

"నువ్వు ఉండవే!"

"తొట్టిలో ఆరు జానలు ఉండాది. నీ మూతి మీద రెండు జానలు ఉండాది. యాది కావాల ఊరికి?"

బావ చాలాసేపు తొట్టి వైపు చూశాడు. చివరికి, "డప్పు లేకుండా తీయనియ్య," అన్నాడు.

సంతకం పెట్టడానికి పుస్తకం ముందు పెట్టాను. మీసం చివరిసారిగా పేజీ మీద నడిచింది.

పొడి చల్లాను.

వైశాఖం 21, బుధవారం. ఎండ. తొట్టి అయిదున్నర జానలు.

గొయ్యి తవ్వాను. మూడు మూరల లోతు.

క్షౌరం మద్దిలేటి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నలభై ఒక్క మీసాలు, ఆరు గడ్డాలు తీశాడు. నీళ్ళు లేవు కనక వేరుశనగ నూనె పూసి గీశాడు. బావను ఆముదం సీసా అడిగితే ఇవ్వలేదు. మీసం లేకపోయినా ఆముదం ఉండాలట. సీసాను అక్క గూట్లో దాచింది.

బావ వంతు వచ్చినప్పుడు డప్పు కొట్టారు. రెండు వైపులా ఒకేసారి పోవాలన్నాడు. మద్దిలేటికి చేతులు రెండే కనక కుదరలేదు. ఎడమది ముందు పోయింది. కుడిది ఒంటరిగా ఉన్న ఆ కాసేపు ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

అన్నీ జాడీలో వేసి మైనంతో మూసి ఊరేగింపుగా తీసుకెళ్ళి పాతిపెట్టాం. బావ ఒక పిడికెడు మట్టి వేశాడు. డాక్టరమ్మ కూడా వేశారు. ఆమె వేయాల్సిన పని లేదు.

అక్క బావ ముఖం చూసి నవ్వింది. ఏడ్చింది. మళ్ళీ నవ్వింది. "ముప్పైయేండ్ల కాపురం. ఈ మనిషికి పైపెదివి ఉండాదని ఈపొద్దు తెలిసె," అంది.

బట్టలన్నీ ఎండలో ఉడకబెట్టినట్టు పరిచాం. పళ్ళేలు బూడిదతో తోమి, సున్నం రుద్ది, నిప్పుల మీద కాల్చాను. కొత్తగా నాలుగు పెట్టాను. రెండు రోజుల్లో తెలుస్తుంది.

పొడి చల్లాను.

వైశాఖం 23, శుక్రవారం. ఎండ. తొట్టి నాలుగున్నర జానలు.

పళ్ళేల మీది మూత తీశాను.

పాచి రంగు. నాలుగూ.

బావ చూశాడు. మీసం మెలేయడానికి చేయి పైకి లేపాడు. అక్కడేమీ లేక చేయి గాలిలో కాసేపు తిరిగి, చెవి గోక్కుని కిందికి వచ్చింది. మూటలు కట్టడం మొదలుపెట్టమని ఊళ్ళో చెప్పించాడు.

డాక్టరమ్మ కూడా డీలా పడ్డారు. ఈ పాచిగింజలు ఒంటి మీద ఉండగా తిరిగి వెళితే ఎర్రకొండలో ఆమె పద్దెనిమిదేళ్ళుగా పెంచిన నీలాలన్నీ తిరిగిపోతాయి. "ఇక నేనెక్కడికీ వెళ్ళలేను కుళ్లాయప్ప గారూ," అన్నారు. ఏదైనా చెప్పాలనిపించింది. ఉగ్గాని పళ్ళెం ఆమె వైపు జరిపాను.

పొడి చల్లాను. మూడుసార్లు.

వైశాఖం 24, శనివారం. ఎండ. తొట్టి నాలుగు జానలు.

కొట్టం వాకిలి ఊడ్చాను. పుస్తకం తెరిస్తే నిన్నటి పేజీ ఇంకా తడిగానే ఉంది. అక్షరాలు ఎదుటి పేజీకి అంటుకున్నాయి. మూడుసార్లు పొడి చల్లినా ఆరకపోవడం ఏమిటి? పాత స్ఫటికాల పొడి అయితే ఒక్కసారి చల్లితే చాలేది. తడిని తాగే పొడి తాగడం మానేసిందంటే

డబ్బా మూత తీసి చూశాను.

పాచి రంగు. అడుగు దాకా.

పై వాక్యం రాసి చాలాసేపయింది.

వైశాఖం 6 నాటి పేజీ తిరగేసి చదివాను. పొయ్యి మీద మరిచిపోయిన పళ్ళెం. నూరి డబ్బాలో పోశాను. పోశానని నేనే రాశాను. ఆ రోజు నుంచి రోజూ చల్లాను, రోజూ రెండుసార్లు దులిపాను, పళ్ళేల పక్కనే. దానిమీద బావ రోజూ మీసం ఆనించాడు. ఊళ్ళో తప్పు ఎక్కడుందని పద్దెనిమిది రోజులుగా వెతికి, వెతికిన ప్రతిసారీ ఈ పుస్తకంలో రాసి, రాసిన ప్రతిసారీ ఆ తప్పే మళ్ళీ చల్లాను.

చెప్పాలి. కాగితం మీద రాసి అరుగు మీద పెట్టి వచ్చేస్తే? కాగితమే కదా అసలు సమస్య.

మధ్యాహ్నం. చెప్పాను. ఎలా జరిగిందో రాస్తున్నాను. పుస్తకం తెరవడానికి వీల్లేదని డాక్టరమ్మ మొదట అన్నారు. రాయకపోతే వీడికి అన్నం సయించదని అక్క బతిమాలితే, ఊరికి అల్లంత దూరంలో తూర్పు మిట్ట మీద, గాలి ఊరి వైపు లేనప్పుడు, పొడి లేకుండా రాయమన్నారు. ఇక్కడ మంచి బండ ఉంది.

అరుగు మీద అందరూ మూటలు కడుతున్నారు. నేను వెళ్ళి నిలబడ్డాను. కాసేపటికి బావ చూసి, "ఏం బామ్మర్దీ?" అన్నాడు.

"మీసం కాదు," అన్నాను.

"ఏంది?"

"నేను. సిరా డబ్బా. పొడి. పుస్తకం. మీసంలోకి పుస్తకం నుంచి వచ్చింది. నేనే."

అందరూ మూటలు వదిలేశారు. నేనంతసేపు మాట్లాడటం వాళ్ళు వినలేదు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పేసరికి ఊరికి మొత్తం అర్థమైంది.

బావ నెమ్మదిగా అడిగాడు. "అంటే నా మీసం తప్పు చేయలే."

"చేయలేదు."

"దాని మానాన అది ఉండె. నీ పుస్తకమే దాన్ని చెడగొట్టె."

"అవును."

"మరి దాన్ని పాతిపెట్టినాం."

"అవును."

"డప్పు కొట్టి."

"అవును బావా."

బావ ముఖంలో ఏమి కదులుతోందో తెలియలేదు. ఇదివరకు మీసాన్ని చూసి తెలుసుకునేవాణ్ణి. కాసేపటికి భుజాలు ఊగాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"నీ సంగతి తరవాత చూస్తా," అన్నాడు. "ముందు నీళ్ళు."

కావలసినవి రెండు అన్నారు డాక్టరమ్మ. పాచిగింజ చేరని గది ఒకటి, పాచిగింజ తాకని పాత నీలం తోడు ఒకటి. కానీ నేనూ పుస్తకమూ వెళ్ళని చోటు లేదు, బావ మీసం వెళ్ళని చోటు అసలే లేదు.

"ఉండాది," అంది అక్క. "బాలింతల గది."

పొడిమిట్టలో కాన్పులు జరిగే గది అది. మగవాళ్ళు గడప తొక్కకూడదు. లోపలికి పోయే ఆడవాళ్ళు తలంటుకుని, అక్కడే కుండలో కాచి దాచిన బట్ట కట్టుకోవాలి. బయటి వస్తువు వేడినీళ్ళలో ముంచకుండా లోపలికి పోదు. ఇది మంత్రసాని నాగులమ్మ పెట్టిన కట్టడి. ఆమె పోయి ఇరవయ్యేళ్ళయినా ఎవరూ తప్పలేదు. నాలుగు నెలలుగా ఊళ్ళో కాన్పులు లేవు.

డాక్టరమ్మ అక్కను రెండుసార్లు ఆ కట్టడి చెప్పించుకున్నారు. "మా పరిశోధనశాలలో ఇంత శుభ్రం లేదండీ," అన్నారు.

"మరి తోడు?" అన్నాడు బావ.

అక్క ఇంట్లోకి వెళ్ళి ఆముదం సీసా తెచ్చింది. "కుళ్లాయికి పద్నాలుగేండ్లప్పుడు మొదట పెంచిన రాయి. వక్కంత ఉండె. నాకిచ్చినాడు. గాలి తాగి పగిలిపోతుందని నూనెలో వేసి పెట్టినా. బిరడా ఉండే సీసా ఇదొక్కటే గదా ఇంట్లో."

బావ సీసా వైపు, అక్క వైపు చూశాడు. "ముప్పైయేండ్లు నేను రాళ్ళ నూనె పూసుకున్నానా?"

"అందుకే గదా అంత మెరుపు!"

ఆ రాయిని అక్క పారేసి ఉంటుందనుకున్నాను.

డాక్టరమ్మ పెట్టె బొమ్మ గీసింది. సీసాలోంచే, బిరడా తీయకుండా. గదులన్నీ ఖాళీగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి.

వైశాఖం 27, మంగళవారం. ఎండ. తొట్టి రెండు జానలు.

బండ మీద రాస్తున్నాను. పేజీ మీద నాలుగు రాళ్ళు పెట్టాను.

అయిదుగురు ఆడవాళ్ళ తలంటుకు, బట్టలు కాచడానికి, పళ్ళేలు ముంచడానికి మూడు రోజుల్లో తొట్టిలోంచి అదనంగా అర జాన ఖర్చయింది. బావ ఒప్పుకునేటప్పుడు, ఇది తప్పితే గురువారం బయలుదేరతామని ఊరికి చెప్పాడు. పెద్దవాళ్ళను మోయడానికి మంచాలకు కర్రలు కట్టి ఉంచారు.

నేను లోపలికి పోకూడదు. కాగితం లోపలికి పోకూడదు. అక్కా, మిగతా నలుగురూ ఎప్పుడూ స్ఫటికం పెంచలేదు. డాక్టరమ్మకు గోంగూరతో పెంచడం తెలియదు. ఆమెకు సీసాల్లో వచ్చే పులుపే తెలుసు. కనక నేను ఆ గది కిటికీకి ఇరవై అడుగుల దూరంలో నిలబడి, మొత్తం పని నోటితో చెప్పాలి. గట్టిగా.

ఊరంతా వినడానికి వచ్చి కూర్చుంది. కొందరు వేరుశనక్కాయలు తెచ్చుకున్నారు.

"గోంగూర రసం పోయండి," అన్నాను.

"వినపడలే!" అని అక్క లోపలి నుంచి.

"గోంగూర రసం!"

"ఎంత?"

"రెండు సోలలు!"

"ఒరే, ఇంత గొంతు పెట్టుకుని యాభైయేండ్లు ఏం చేసినావురా?"

చెప్పాను. మంట ఎంతుండాలో, నురగ ఏ రంగుకు తిరిగితే దించాలో, గరిటె ఏ వైపు తిప్పాలో, ఎందుకు ఆ వైపే తిప్పాలో. చెదలు తిన్న మూడు అధ్యాయాలూ చెప్పాను. కనుబొమలు కాలిన సంగతి చెప్పాను, వాళ్ళవి కాలకూడదు కనక. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గొంతు పోయింది. బావ తన వంతు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తాగి మళ్ళీ చెప్పాను. రాయిలోంచి గోరంత ముక్క గీకి, ఆముదం కడిగి, చల్లారిన పళ్ళెంలో వేయమన్నాను.

"వేసినాం. ఇంకేం చెయ్యాల?"

"ఇంకేం లేదు. మాట్లాడకుండా కూర్చోవాలి."

"అది నీకు బాగా వచ్చు," అంది అక్క.

అందరం కూర్చున్నాం. వేరుశనగ తొక్కల చప్పుడు కూడా ఆగిపోయింది. నీడ కిటికీ కిందికి జరిగింది. కొత్త రూపమైతే పదిహేడు లెక్కపెట్టేలోపే రావాలి. నేను పదిహేడు దాకా ఎన్నోసార్లు లెక్కపెట్టాను.

"కుళ్లాయీ!"

ఎవరం కదల్లేదు.

"నీలం! నీలం రా! నెమలి మెడ మాదిరి ఉండాది!"

డప్పు మళ్ళీ కొట్టారు. మద్దిలేటి ఏడ్చాడు. నలభై ఒక్క మీసాలు తీసినవాడు కదా, వారం రోజులుగా ఎవరూ అతనితో మాట్లాడలేదు. డాక్టరమ్మ నా చేయి పట్టుకుని, తాను కూడా తలంటుకుని, ఆ గది బట్ట కట్టుకుని ఎర్రకొండకు వెళ్ళవచ్చా అని అడిగారు. వెళ్ళవచ్చన్నాను. పద్దెనిమిదేళ్ళ చదువులో దొరకని పద్ధతి ఒక మంత్రసాని గడప మీద దొరికిందని, దీన్ని పరిశోధనశాల గోడ మీద రాయిస్తానని అన్నారు. కొత్త రూపానికి ఊరి పేరు పెట్టనని బావకు మాట ఇచ్చారు. ఏం పేరు పెడతారని అడిగితే చెప్పలేదు. కానీ నా వైపు చూసి నవ్వారు.

సిరా ఆరలేదు. ఊదుతున్నాను.

వైశాఖం 30, శుక్రవారం. ఎండ. గాలి మెల్లగా ఉంది. తొట్టి రెండు జానల మీద నాలుగు వేళ్ళు. నాలుగు వేళ్ళు పెరిగింది. బాలింతల గదిలో పెరిగిన నీలం పళ్ళేలు, బూడిదతో తోమి సున్నం కొట్టిన కొట్టంలో మొన్నటి నుంచి పనిచేస్తున్నాయి.

నా తప్పుకు తీర్పు నిన్న చెప్పారు. కాపరి పని నాదే. ఈ పుస్తకం మాత్రం ఇవాళ జాడీలో పెట్టి మైనంతో మూసి, మీసాల జాడీ పక్కన పాతిపెడతారు. ఎవరైనా ఎప్పుడైనా తవ్వి తీస్తే, చదివాక చేతులు కడుక్కుని, స్ఫటికాల దగ్గరికి పోకండి. మీసం ఉంటే దూరంగా పట్టుకుని చదవండి.

ఇక ముందు కొట్టంలో కాగితం, సిరా, పొడి ఉండకూడదు. లెక్క నోటితో చెప్పాలి. రోజూ సాయంత్రం, అరుగు మీద, ఊరందరి ముందు. బావ మీసం మళ్ళీ జానెడు అయ్యేదాకా. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. ఇరవయ్యేళ్ళు పట్టిందన్నాడు, పోయినసారి.

మైనం కరుగుతోంది. మిట్ట కింద అరుగు మీద చాపలు పరిచారు. ఇక్కడికి కనబడుతోంది. బావ చేతులెత్తి పిలుస్తున్నాడు. "రాసింది చాల్లే బామ్మర్దీ! వచ్చి చెప్పు!" అక్క ఉగ్గాని గిన్నెతో ముందు వరుసలో కూర్చుంది.

వెళ్ళే ముందు ఏం చెప్పాలో ఒకసారి రాసి చూసుకుంటే తడబడను. ఇలా మొదలుపెడతాను. వైశాఖం ముప్పై, శుక్రవారం. ఎండ. తొట్టి రెండు జానల మీద నాలుగు వేళ్ళు. పొద్దున కొట్టం వాకిలి ఊడ్చాను. తరవాత గాజు మూతలు తీసి,